టవలు మీది మడ్డి

గడ్డకట్టిన వడపోత బిళ్లలను పెట్టెలోంచి తీసి బల్ల మీద పెడితే, మంచు విడుస్తున్నకొద్దీ ఒక వాసన లేస్తుంది. పచ్చిచేప వాసన అనలేను, తడిమట్టి వాసన అనీ అనలేను, రెండింటికీ నడుమ ఏదో. దక్షిణ ధ్రువం చుట్టూ ఉండే సముద్రంలో పైపై నీళ్లను తోడి, ఓడ మీదే వడగట్టి, ఆ పలుచని ప్లాస్టిక్ బిళ్లలను భద్రంగా మా దగ్గరికి చేరుస్తారు. తెల్లగా ఉండవలసిన బిళ్ల మీద గోధుమరంగు పొర ఒకటి పట్టి ఉంటుంది. నీళ్లలో కరగకుండా తేలుతూ ఉన్నదంతా ఆ పొరలోనే ఉంటుంది. అందులో సిలికాన్ ఎంత ఉందో కొలవడం నా ఉద్యోగం. నా జుట్టు నెరిసింది ఈ పనిలోనే. అయినా ఆ గోధుమరంగు కనపడగానే "మడ్డి" అనే మాట నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. పక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లలో ఒకరిది కొంకణి, ఒకరిది మలయాళం. అదేదో మా రసాయనం పేరు అనుకుంటారు కాబోలు, ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచిది. అడిగితే నేను తిప్పేస్వామి మేష్ట్రు గురించి చెప్పాలి, ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే ఆ పూట పని సాగదు.

తిప్పేస్వామి మేష్ట్రు మా ఊరి మిడిల్ స్కూల్లో సైన్సు చెప్పేవారు. కన్నడ దేశపు అంచున, ఇళ్లలో తెలుగే మాట్లాడే పావగడ తాలూకాలో వై.ఎన్.హొసకోట దగ్గర బస్సు దిగి, శనక్కాయ చేల గట్ల మీద ఇంకా చాలాసేపు నడిస్తే మా ఊరు వచ్చేది. పాఠం పుస్తకం కన్నడంలో ఉండేది. ఆయన ఒక వాక్యం కన్నడంలో చదివి, దాన్ని తెలుగులో విప్పి చెప్పి, అర్థం కానివాళ్లను అదే తెలుగులో తిట్టేవారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం తిట్లు కూడా కన్నడంలోనే ఉండేవి, అవి మాకు అంతగా తగిలేవి కావు. మనిషి బక్కపలుచన. ఒంటి మీద చొక్కా ఎలా ఉన్నా భుజం మీద టవలు మాత్రం పాలనురుగులా ఉండేది. దాన్ని చాకలికి వేసేవారు కాదు, భార్య చేతికీ ఇచ్చేవారు కాదు. స్వయంగా ఉతుక్కునేవారు. హాజరు నంబర్లతోనే పిలిచేవారు. పేర్లతో పిలిస్తే పొద్దు పోతుందనేవారు.

ఆ టవలు మాకు పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ పాఠాలు చెప్పింది. ఊరి తాగునీళ్లు అప్పుడు కుంటవి. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఆ కుంట అడుగంటి, ఎర్రగా చిక్కబడేది. ఆడవాళ్లు చిల్లగింజ అరగదీసి కుండలో కలిపి, మన్ను అడుక్కి దిగాక పైనీళ్లు వంచుకునేవారు. మేష్ట్రు ఒకరోజు ఆ నీళ్లు బిందెతో తెప్పించి, ఖాళీ కుండ మూతికి తన టవలు కట్టి, మా కళ్లముందే పోశారు. కిందికి దిగిన నీళ్లు కొంత తేరాయి. టవలు మీద జిగటగా ఒక పొర మిగిలింది. దాన్ని వేలితో తీసి ఒక్కొక్కరి మొహం ముందూ పట్టి చూపించారు. "ఇది మడ్డి. రోగం దీంట్లోనే ఉండాది. కిందికి దిగినేది తేట. మనిషికి కావాల్సింది తేట" అన్నారు. నాకు ఆ రోజు ఒళ్లు పులకరించింది. రోజూ తాగే నీళ్లను అలా రెండుగా విడదీసి చూడవచ్చని ఎవరు అనుకున్నారు? నేను ఈ పనిలోకి వచ్చిన దారి ఆ టవలు దగ్గరే మొదలైంది. అందులో నాకు సందేహం లేదు.

వెనక వరసలో హనుమక్క కూచునేది. గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. పొద్దున్నే మందను అడివి మలుపు దాకా తోలి వచ్చేది కాబట్టి రోజూ ఆలస్యమే. ఆ రోజు టవలు మీద పొర చూసి, లేచి నిలబడి, "ఆ నీళ్లు తాగే గదా సార్ మా అవ్వ ఇంగా కట్టె పట్టకుండా నడిచేది" అంది. క్లాసంతా నవ్వింది. మేష్ట్రు నవ్వలేదు. "కూచో మడ్డీ" అన్నారు. అంతే, ఆమెకు ఆ పేరు పడిపోయింది. మడ్డి అంటే గుడ్డ మీద మిగిలే కల్మషమే కాదు, మందబుద్ధి అని కూడా మా దగ్గర అర్థం. అప్పటినుంచి మేష్ట్రుకు క్లాసులో రెండే జాతులు. పాసయ్యేవాళ్లు తేట, మిగిలినవాళ్లు మడ్డి. నేను తేటలో ఉన్నాను. ఉన్నందుకు గర్వపడ్డాను కూడా, పిల్లలం కదా.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ముందు ఆయన ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడేవారు. శనక్కాయ పీకే రోజులు. మా చేనూ హనుమక్క నాయన కౌలుకు చేసే చేనూ పక్కపక్కనే. మేష్ట్రు గట్టు మీద నిలబడి మా నాయనతో, "ఈ పిల్ల తేటప్పా. దీన్ని యాడా ఆపొద్దు. హొసకోటలో చేర్చు, ఆ మీదట తుమకూరికి పంపు" అన్నారు. మా నాయన చేతిలో చెట్టు అలాగే పట్టుకుని తల ఊపాడు. ఆ తర్వాత మేష్ట్రు గట్టు దిగలేదు. ఉన్నచోటనే తల హనుమక్క నాయన వైపు తిప్పి, "నీ బిడ్డ మడ్డి. ఊరికే ఎందుకప్పా కాలం పోగొట్టుకుంటావు? గొర్ల ఎనకాల పంపుకో" అన్నారు. హనుమక్క కాయలు దులుపుతూ ఉంది. విన్నట్టే కనపడలేదు. మర్నాటి నుంచి బడికి రాలేదు. ఆమె తెలివైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం ఎవరికీ మిగల్లేదు.

మేష్ట్రు చెడ్డవాడనుకుంటే నేను చెప్పడం చాతకాక చెడగొట్టినట్టు. ఆ మరుసటి ఎండాకాలం ఊళ్లో వాంతులూ బేదులూ వచ్చాయి. మా బడిలో చదివే ఒక పిల్లవాడిని బండి మీద హొసకోటకు తీసుకుపోతుంటే, మేష్ట్రు బండి పక్కనే, వాడి చెయ్యి పట్టుకుని నడిచారు. వాడు దారిలోనే పోయాడు. తిరిగి వచ్చాక ఆయన ఇంట్లోకి పోలేదు. కుంట గట్టు మీద కూచుని ఆ ఎర్రనీళ్లను చూస్తూ ఉండిపోయారు. అప్పటినుంచి ఆయనకు ఒకటే యావ. తాలూకు కచేరీకి పోవడం, అర్జీ ఇవ్వడం, లేదనిపించుకుని రావడం, మళ్లీ పోవడం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మొండితనానికే కాబోలు చివరికి బోరు బండి మా ఊరికి వచ్చింది.

బండి రాయిని తొలుస్తుంటే మొదట తెల్లని రాతిపిండి ఎగిరింది, తర్వాత తెల్లని గంజి లాంటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. బోరింగు బిగించిన రోజు మేష్ట్రు దాని మూతికి టవలు పట్టి, కొట్టమన్నారు. ఊరంతా చూస్తుండగా బిందె నిండింది. ఆయన టవలు విప్పి రెండు చేతులతో పైకెత్తారు. మరక లేదు. "చూడండప్పా, మడ్డి అనేదే ల్యా. ఈపొద్దు నుంచి కుంట నీళ్లు ఎవురూ ముట్టొద్దు" అన్నారు. ఎవరో ముసలామె నీళ్లు నోట్లో పోసుకుని, "సప్పగా ల్యావు మేష్ట్రూ, ఏందో మాదిరిగా ఉండాయి" అంటే, "అలవాటైతాది అవ్వా" అన్నారు. వాంతులూ బేదులూ నిలిచిపోయాయి, ఆ మాట చెప్పకపోతే పాపం. కుంట దగ్గర ఎవరైనా బిందెతో కనపడితే ఆయనే పోయి నీళ్లు ఒలకబోసి వచ్చేవారు. నేను హొసకోటకు, ఆ తర్వాత తుమకూరుకు, ఆపైన ఇంకా దూరానికి చదువుకుంటూ పోయాను. ఆయన అన్నట్టే ఎక్కడా ఆగలేదు.

పడమటి సముద్రపు ఒడ్డున ఉన్న పరిశోధన సంస్థలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు మా ఊరి మనిషే చేయగలిగినది. సిలికాన్ కొలిచేందుకు, బిళ్ల మీది పొరను క్షారంలో వేసి వేడిచేసి కరిగించాలి. నేను అన్నిటికంటే శుభ్రమైనవని గాజు సీసాలు ఏరుకుని, తళతళా మెరిసేదాకా తోమి, అందులో కరిగించాను. మా ఊళ్లో గాజు గ్లాసు అంటే కలెక్టరు వస్తే తీసేది. సిలికాన్ ఉండవలసినదానికంటే ఎంతో ఎక్కువ వచ్చింది. మా పై అధికారి సీసా చూసి తల పట్టుకుని, "గాజంటేనే సిలికాన్ కదమ్మా. సీసా కూడా కొంత కరిగి నీ లెక్కలో కలిసింది" అని నవ్వారు. మరక లేనిదల్లా మంచిదనుకోవడం నాకు ఎక్కడ అబ్బిందో ఆ రోజే అర్థమైంది. అప్పటికి అది నవ్వుకునే సంగతి మాత్రమే.

తొంభైల నడుమ నన్ను ఓడ మీద దక్షిణానికి పంపారు. మంచుదిబ్బల మధ్య నీళ్లు తోడి వడగడితే, ఆ చలి నీళ్లలోంచి కూడా గోధుమరంగు పొర. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది మడ్డి కాదు. కంటికి కనపడని చిన్న మొక్కలు. ఒక్కోదానికీ గాజు పెంకు ఉంది. శనక్కాయకు ఉన్నట్టే రెండు చెక్కలు ఒకదానికొకటి అతుక్కుని, లోపల ప్రాణం. ఆ సముద్రంలో చేపా తిమింగలమూ బతికేది చివరికి వీటి మీదే. బిళ్ల మీద మామూలు మన్ను కూడా కొంత ఉంటుంది, కొండల నుంచీ గాలిలోంచీ వచ్చింది. రెండిట్లోనూ సిలికాన్ ఉంటుంది, కంటికి రెండూ ఒకటే గోధుమరంగు. అందుకని మొదట క్షారంతో ప్రాణమున్న గాజును కరిగించి కొలుస్తాం. మిగిలిన మన్నును ఆ తర్వాత ఘాటు యాసిడ్‌తో కరిగించి వేరే కొలుస్తాం. ఓడ ఊగుతుంటే ఆ గాజు పెంకుల బొమ్మలు చూస్తూ, వీటిని మేష్ట్రుకు చూపించాలి అనుకున్నాను. ఆయన సంతోషిస్తారనే అనుకున్నాను.

ఊరికి పోయేసరికి కరువు మూడో పంటను కూడా తినేసింది. శనక్కాయ చెట్లు చేలల్లోనే మాడి ఉన్నాయి. బోరింగుకు ఎవరో ఎర్రరంగు పూశారు. దాని చుట్టూ బిందెలు మాత్రం అలాగే ఉన్నాయి. నీళ్లు కొడుతున్న పిల్లలు నన్ను చూసి నవ్వితే, పళ్ల మీద గోధుమరంగు చారలు. రసాయనశాస్త్రం చదివినదాన్ని, ఆ చారలు చూస్తే ఫ్లోరైడ్ అని, లోపలి రాతిలోంచి బోరు నీళ్లలో కరిగి పళ్లకూ ఎముకలకూ పట్టేదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేష్ట్రు రిటైరైనా ఊరు వదల్లేదు. తలుపు దగ్గర కుర్చీలో నిటారుగా కూచుని ఉన్నారు. అడుగుల చప్పుడుకు తల తిప్పలేదు, ఒళ్లంతా కుర్చీతో సహా తిప్పారు. "ఎవురు, సుజాతనా? ఈ పక్కకొచ్చి కూచో పాపా. మెడ తిరగల్యా నాకు" అన్నారు. కాసేపు ఓడ సంగతులూ మంచు సంగతులూ అడిగారు. ఆ తర్వాత, ఎంతోకాలంగా దాచుకున్నట్టు, "బోరింగుకు రంగు పూసిపోయినారు, చూస్తివా? తాగొద్దంట. ఇంగేం తాగాల్నో చెప్పల్యా. నా టవలు మీద మరక కూడా పడల్యా గదా పాపా, నువ్వూ చూస్తివి గదా" అన్నారు.

"కరిగిపోయింది గుడ్డ మీద నిలబడదు సార్. ఉప్పు నీళ్లు వడగడితే ఉప్పు నిలుస్తాదా?" అన్నాను.

"నిలబడదు" అన్నారు. "ఆ మాట మీకు ఆరో తరగతిలో నేనే చెప్పినా గదా. పాఠంలో చెప్పినేది బోరింగు కాడికి వచ్చేసరికి మర్చిపోతి. పెనం మీంచి పొయ్యిలో పడేస్తి ఊరిని."

వాంతులూ బేదులూ నిలిచిపోయాయని గుర్తుచేశాను. "నిలిచినాయి. అదీ నిజమే, ఇదీ నిజమే" అన్నారు. ఆయన మనసు మళ్లిద్దామని సంచిలోంచి ఫొటోలు తీశాను. నేను చేసిన పని అదీ. తీయకుండా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన ఒక్కో ఫొటో కళ్ల ఎత్తుకు పట్టుకుని చూశారు. గుండ్రటివి, పడవల్లాంటివి, అంచుల్లో సన్నని గీతలున్నవి. మొహం మీద పాత రోజుల వెలుగు వచ్చింది. "ఏందివి?" అన్నారు.

"మడ్డి సార్. గుడ్డ మీద నిలిచేదే. మన కుంట నీళ్లలోనూ ఇట్లాటివే కొన్ని ఉంటాయి."

"దీంట్లో ప్రాణమేదో, మన్నేదో ఎట్ల తెలుస్తాది?"

"చూస్తే తెలీదు సార్. వడగట్టినంత మాత్రాన కూడా తెలీదు. రెండు తూర్లు కరిగించి చూడాల."

ఫొటో ఒళ్లో పెట్టుకున్నారు. వెలుగు పోయింది. "నేను పిల్లోళ్లను ఒక్కతూరే వడగడితి పాపా" అన్నారు. కాసేపటికి, "వెనకాల కూచుంటా ఉండె, గొర్లోళ్ల పిల్ల. వాళ్లవ్వ గురించి చెప్పె చూడు. ఆ పిల్ల పేరేంది? నాకు మడ్డి అనేదే గుర్తుండాది" అని అడిగారు.

"హనుమక్క సార్."

"హనుమక్క" అన్నారు. మళ్లీ ఒకసారి, హాజరు పిలిచినట్టు, "హనుమక్క" అన్నారు. "పిల్చుకోని రా. ఒక మాట చెప్పాల."

పోయాను. ఆమె అత్తగారిల్లు ఆ పక్క వీధిలోనే. తలుపుకు తాళం. ఎదురింటామె గింజలు చెరుగుతూ, "వానల్యాక బెంగళూరికి పోయినారమ్మా, కట్టడం పనికి. ఉగాదికి వస్తారేమో" అంది. ఆ మాటే వచ్చి చెప్పాను. మేష్ట్రు తల ఊపబోయారు, మెడ రాలేదు, చెయ్యి ఊపారు. "నేను ఉంటే నేనే చెప్తా. ల్యాకుంటే నువ్వు చెప్పు. తిప్పేస్వామి తప్పు చేసినాడు, ఆ పొద్దు గట్టు దిగి నీ దగ్గరికి వచ్చి అడగాల్సింది, అడగల్యా, అని చెప్పు" అన్నారు. సరే సార్ అన్నాను. ఆయన ఉగాది దాకా ఉండలేదు. కబురు నాకు ఓడ మీద ఉండగా వచ్చింది, అప్పటికే దహనం కూడా అయిపోయింది. మంచు తప్ప ఇంకేమీ కనపడని చోట నిలబడి ఏడ్చాను. ఆయన కోసం ఏడ్చానో, ఆ ఫొటోలు చూపించినందుకు ఏడ్చానో విడదీసి చెప్పలేను.

హనుమక్క దొరకడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. నేను ఊళ్లో ఉంటే ఆమె బెంగళూరులో, ఆమె ఊళ్లో ఉంటే నేను నీళ్ల మీద. చివరికి ఒక వానాకాలం ముందు, ఆమె ఇంటి వాకిట్లో విత్తనం కాయలు ఒలుస్తూ కనపడింది. నన్ను చూసి లేవబోతే నడుం రాలేదు, నవ్వి అలాగే కూచుంది. బోరింగు నీళ్లు ఆమె ఎముకలకూ పట్టాయి. "కూచో మే. ఊరికే కూచోవద్దు, ఒలుస్తా చెప్పు" అని నా ముందుకు కాయలు తోసింది. ఒలుస్తూనే చెప్పాను. బోరింగు సంగతి, మెడ సంగతి, ఆయన తప్పు చేశానన్న మాట, గట్టు దిగి అడగాల్సిందన్న మాట. ఆమె వేళ్లు ఆగలేదు. కాయ చిట్లుతోంది, గింజ చేటలో పడుతోంది, పొట్టు పక్కకు పోతోంది.

"పేరు పెట్టి అన్నాడా?" అంది చివరికి, తల ఎత్తకుండా.

"పేరు పెట్టే అన్నాడు. హనుమక్క అని. రెండు తూర్లు."

వేళ్లు ఆగాయి. "ఆయప్పకు నా పేరు తెలుసని నాకు తెల్దు" అంది. కళ్లు తుడుచుకుందో, దుమ్ము పడిందో, కొంగు ఒకసారి మొహం మీదికి పోయి వచ్చింది. నేను ఇంకో కాయ చిట్లించాను.

"పేరైతే నాకుండనీ మే" అంది మళ్లీ కాయ చేతికి తీసుకుంటూ. "ఆ తప్పు మాట మాత్రం నువ్వే పెట్టుకో. ఇప్పుడొచ్చి ఇస్తే దాన్ని యాడ పెట్టుకోవాల నేను? పిల్లోళ్లు బడి నుంచి వచ్చే యాళయింది, బిరబిరా ఒలువు."

పొద్దు వాలేదాకా ఒలిచి వచ్చాను. మేష్ట్రు ఆమెకు పంపిన మాట ఆమె తీసుకోలేదు కాబట్టి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ పేరు ఆయనకు అందించింది నేనేనని ఆమెకు చెప్పని మాట కూడా దాని పక్కనే ఉంది.